డచ్ వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు పదసంపద: పట్టికలు బట్టీ పట్టించాలా, చదువుకే వదిలేయాలా?

ఐండ్‌హోవెన్ నివాసి (ప్రశ్న)

మా అమ్మాయి ఇక్కడే నెదర్లాండ్స్‌లో డచ్ మాధ్యమంలో చదువుతూ ఈ ఏడాది హావో (ఇక్కడి ఉన్నత పాఠశాల శాఖల్లో ఒకటి) నాలుగో తరగతికి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని, చదువూ రాతా అంతా డచ్‌లోనే. ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడుతుంది. వ్యాసం రాయమంటే మాత్రం ‘థింగ్’, ‘గుడ్’, ‘బిగ్’ వంటి నాలుగు మాటల చుట్టూనే తిరుగుతుంది. బడిలో వారం వారం ఒక పట్టిక ఇస్తారు. ఎడమ వరుసలో ఇంగ్లీషు మాట, కుడి వరుసలో డచ్ అర్థం, వారాంతంలో చిన్న పరీక్ష. మార్కులు బాగానే వస్తున్నాయి, కానీ ఆ మాటలు ఆమె రాతలోకి రావడం లేదు. ఈ పట్టికల మీద పెట్టే సమయాన్ని పుస్తకాలు చదవడానికి ఇస్తే మేలా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

యూట్రెక్ట్ అధ్యాపకురాలు

మీరు చెప్పినది డచ్ పిల్లలందరిలోనూ కనిపించేదే. డచ్, ఇంగ్లీషు రెండూ పశ్చిమ జర్మానిక్ అనే ఒకే శాఖకు చెందిన భాషలు కావడం వల్ల ఇల్లు, పుస్తకం, నీరు, ఆపిల్ వంటి రోజువారీ మాటలు దాదాపు శ్రమ లేకుండానే వచ్చేస్తాయి. టెలివిజన్‌లో ఇంగ్లీషు కార్యక్రమాలను డబ్బింగ్ చేయకుండా కింద అక్షరాలు వేసి చూపడం, 1986 నుంచి ప్రాథమిక బడిలో ఇంగ్లీషు తప్పనిసరి కావడం దీనికి తోడయ్యాయి. ఆ తొలి మెట్లు సులువుగా ఎక్కేసిన పిల్లలు తమకు ఇంగ్లీషు వచ్చేసిందనుకుంటారు.

చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. ఇంగ్లీషులో చదువుకు, వాదనకు పనికివచ్చే మాటల్లో అధికభాగం లాటిన్, ఫ్రెంచ్ మూలాల నుంచి వచ్చినవి. డచ్‌లోనూ అలాంటివి లేకపోలేదు. ‘స్ట్రక్చర్’, ‘ఫంక్షన్’, ‘ప్రాసెస్’ మాటలకు డచ్ జతలు చూడగానే తెలిసిపోతాయి. కానీ డచ్ పండితులు శాస్త్ర పరిభాషను చాలావరకు సొంత మాటలతోనే నిర్మించుకున్నారు. 1548లో బ్రూహె (బ్రూజ్) నగరంలో పుట్టిన సైమన్ స్టెవిన్ గణితానికి డచ్ మాటలు కల్పించినవారిలో ముఖ్యుడు. గణితాన్ని నేటికీ ‘విస్కుండె’ అనే అంటారు, ఆక్సిజన్‌ను ‘జూర్‌స్టొఫ్’ అంటారు. ఆమ్లజని, నత్రజని అని చదువుకుని ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో చేరిన మన పిల్లలకు ఈ ఇబ్బంది తెలిసిందే. అందుచేత ‘అక్వైర్’, ‘అస్యూమ్’, ‘సఫిషియెంట్’ వంటి మాటల దగ్గర డచ్ విద్యార్థికి పోలిక అనే ఆసరా దొరకదు.

నా అభ్యంతరం పట్టిక అనే పద్ధతి మీద కాదు, ఆ కుడి వరుస మీద. ఒక మాటకు ఒక డచ్ అర్థం రాసి ఇస్తే, రెండు భాషల మాటలు సరిసమానమని పిల్లలకు మనమే నేర్పినట్టవుతుంది. ఈ స్థాయిలో వారిని ఎక్కువగా దెబ్బతీసేది ఆ నమ్మకమే.

లైడెన్ పరిశోధక విద్యార్థి

అధ్యాపకురాలి గారితో నేను ఏకీభవించలేకపోతున్నాను. కుడి వరుస తీసేస్తే పిల్లలకు మిగిలేది ఊహాగానమే. న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, నవలను గాని వార్తాపత్రికను గాని నిఘంటువు లేకుండా చదవాలంటే, అంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలంటే, ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒకే మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) రావాలి. మధ్యస్థాయి విద్యార్థి ఇష్టంగా చదివే పుస్తకంలో ‘సఫిషియెంట్’ ఒకసారి కనిపిస్తే, మళ్లీ కనిపించేది ఎప్పుడో చెప్పలేం. ఈలోపు మొదటిసారి చూసినది మరిచిపోతారు. ఒకే మాట తగిన వ్యవధుల్లో పదే పదే ఎదురుపడేలా చేయగలిగేది పట్టిక, కార్డులు మాత్రమే.

పైగా ఎంచుకోవడానికి మంచి సాధనం ఉంది. భాషాశాస్త్రవేత్త ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యావిషయక పదజాబితాలో 570 పదకుటుంబాలే ఉన్నాయి, విద్యాగ్రంథాల్లో సుమారు పదో వంతు మాటలు వాటివే. హావో ముగించి ఇంగ్లీషు మాధ్యమ కోర్సులో చేరదలచిన అమ్మాయికి ఇంతకంటే సూటి మార్గం నాకు కనిపించదు.

ఘెంట్ నుంచి ఒక తండ్రి

బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతమైన మా ఫ్లాండర్స్ పరిస్థితి కొంత వేరు. ఇక్కడ బడిలో ముందు వచ్చేది ఫ్రెంచ్. ఇంగ్లీషు పాఠాలు మాధ్యమిక దశలో గాని మొదలుకావు. అయినా మా అబ్బాయి మొదటి ఇంగ్లీషు పాఠానికి ముందే ఆటల వల్ల, వీడియోల వల్ల బోలెడు మాటలు నేర్చుకున్నాడు. కాబట్టి వినికిడికీ చదువుకూ ఉన్న బలాన్ని తక్కువ చేయకూడదు. అయితే వాడికి వచ్చినవన్నీ ఆటల్లో అవసరమైన మాటలే. ‘అస్యూమ్’ ఆ దారిన రాలేదని ఒప్పుకోవాలి. మరో మాట: ఫ్రెంచ్ చదువుతున్నందువల్ల లాటిన్ మూలపు ఇంగ్లీషు మాటలు వాడికి సులువుగా పట్టుబడుతున్నాయి. మీ అమ్మాయికి ఫ్రెంచ్ ఐచ్ఛికంగా ఉంటే, దాన్ని వదలనివ్వకండి.

యూట్రెక్ట్ అధ్యాపకురాలు

ఒకే మాట మళ్లీ మళ్లీ ఎదురుపడాలన్న వాదనను నేను కాదనను. అయితే ఏది మళ్లీ మళ్లీ ఎదురుపడాలి అన్నదే నా ప్రశ్న. డచ్ ‘ఏవెంట్యుఏల్’ అంటే ‘బహుశా, అవసరమైతే’ అని అర్థం. ఇంగ్లీషు ‘ఎవెంచువల్లీ’ అంటే ‘చివరికి’. కాంట్రాక్టు గురించి రాసే ఉత్తరంలో ఈ ఒక్క మాట తారుమారైతే, సందేహంగా చెప్పినది మాట ఇచ్చినట్టవుతుంది. ‘బ్రాఫ్’ అంటే బుద్ధిమంతుడు, ‘బ్రేవ్’ కాదు. ‘మేనింగ్’ అంటే అభిప్రాయం, ‘మీనింగ్’ కాదు. ‘ఔట్‌విండెన్’ అనే క్రియ ముక్కముక్కకీ ‘ఫైండ్ అవుట్’తో సరిపోతుంది గాని, దాని అర్థం కొత్తగా కనిపెట్టడం. డచ్‌లో హోంవర్క్‌ను ‘చేయరు’, ‘తయారుచేస్తారు’. అందుకే ‘మేక్ హోంవర్క్’ అని రాసే పిల్లలు పై తరగతుల్లోనూ ఉంటారు. ఆ పిల్లలకు ‘మేక్’, ‘హోంవర్క్’ రెండు మాటలూ తెలుసు, పట్టికలో రెండింటికీ మార్కులు వస్తాయి.

అందుకే మా తరగతిలో విడిమాట రాయనివ్వను. చదివిన పాఠంలోంచి పూర్తి పదబంధం తీసుకుంటారు: ‘అక్వైర్’ ఒక్కటే కాదు, ‘అక్వైర్ ఎ స్కిల్’, ‘డిపెండెంట్’ ఒక్కటే కాదు, దాని వెంట ‘ఆన్’ కూడా, ఎందుకంటే డచ్ అలవాటు ‘ఆఫ్’ వైపు లాగుతుంది. చీటీ వెనుక వైపు డచ్ అర్థం బదులు అదే వాక్యం, మధ్యలో ఖాళీతో.

లైడెన్ పరిశోధక విద్యార్థి

ఖాళీ ఉన్న వాక్యం కూడా కార్డే కదా. ఆ మేరకు మన మధ్య తేడా తగ్గింది. కానీ డచ్ అర్థాన్ని పూర్తిగా తీసేయడం ఇప్పటికీ సరికాదనే అంటాను. ‘ఏవెంట్యుఏల్’ వంటి చోట రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూపితేనే తేడా మనసులో నాటుకుంటుంది. దాచిపెడితే పాత అర్థమే లోపల పనిచేస్తూ ఉంటుంది.

హావో చివర దేశమంతటా జరిగే కేంద్ర పరీక్ష విషయం కూడా ఆలోచించాలి. ఇంగ్లీషులో అది చదివి అర్థం చేసుకోవడాన్నే పరీక్షిస్తుంది, నిఘంటువు వెంట తీసుకెళ్లవచ్చు. ఆ పరీక్షకు గుర్తుపట్టడం చాలు. అమ్మాయి గారికి లోటు ఉన్నది రాతలో, దాన్ని బడి తన సొంత పరీక్షల్లోనే చూస్తుంది.

ఐండ్‌హోవెన్ నివాసి

అందరికీ ధన్యవాదాలు. బడి పట్టికలోంచి డచ్ పోలిక దొరకని మాటలను మాత్రమే విడదీసి, వాటిని తాను చదువుతున్న చరిత్ర పాఠంలోని వాక్యాలతో రాసుకోమని చెప్పాను. డచ్ అర్థాన్ని పెన్సిలుతో రాసుకుంటానంది. ఉంచాలో తుడిచేయాలో దసరాకు ఫోన్‌లో తాతగారితోనూ వాదిస్తుందట. కాక్స్‌హెడ్ జాబితాలో ‘స్ట్రక్చర్’ లాంటి తెలిసినవి తీసేయగా ఎన్ని మిగులుతాయో ఈ వారాంతంలో ఇద్దరం కూర్చుని చూస్తాం.