అలీనం, తటస్థం ఒకటేనా?

ప్రశ్న: పాత పత్రికల్లో ఐక్యరాజ్యసమితి ప్రసంగాల అనువాదాలు చూస్తుంటే ఒకే దేశాన్ని ఓచోట ‘అలీన’ అనీ, ఇంకోచోట ‘తటస్థ’ అనీ రాశారు. రెండూ ఒకటేనా? దశాబ్దాల వారీగా ఈ మాటల వాడుక లెక్కగట్టడం ఎలా?

జవాబు: ఒకటి కావండీ. తటస్థుడు తటం మీద, అంటే ఒడ్డున నిలబడ్డవాడు. అలీనుడు ఏట్లోనే ఉంటాడు, కానీ అందులో లీనం కాడు. అంటే ప్రచ్ఛన్న యుద్ధంలో అమెరికా, సోవియట్ కూటములు రెండింటిలోనూ చేరని దేశం. తటస్థ స్విట్జర్లాండ్ 2002 దాకా సమితిలోనే చేరలేదు. నెహ్రూ, ఈజిప్టు నేత నాసర్, యుగోస్లావియా నేత టిటోల దారి అది కాదు. 1961 సెప్టెంబరులో యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో తొలి అలీన సదస్సుకు కూడిన 25 దేశాలు వలసపాలన మీద, అణుపరీక్షల మీద గట్టిగానే మాట్లాడాయి.

తమిళం ‘అణిసేరా’ అంటుంది, మలయాళం ‘చేరిచేరా’: పక్షం చేరని అని. కన్నడం ‘అలిప్త’, అంటే అంటనిది. నా మటుకు మన మాటే లోతైనది.

మరో జవాబు: లెక్క దగ్గర జాగ్రత్త. అలీన + ఉద్యమం గుణసంధితో ‘అలీనోద్యమం’ అయింది కాబట్టి ‘అలీన’ను పూర్తి పదంగా వెతికితే అది దొరకదు. పదభాగంగా వెతికితే అలీనగర్, ‘అలీని’ (అలీ అనే పేరుకు ద్వితీయ) కూడా వచ్చిపడతాయి. ‘అలీనోద్య’, ‘అలీన దేశ’, ‘అలీన విధాన’, ‘అలీనత’ విడివిడిగా వెతికి కూడండి. తర్వాత వెయ్యి మాటలకు ఎన్నిసార్లో తీయండి. 1960లో క్యూబా నేత కాస్ట్రో సమితిలో నాలుగున్నర గంటలు మాట్లాడారు. ఇప్పుడు సర్వసభ్య సభలో 15 నిమిషాల్లో ముగించమని కోరతారు. ఉత్త సంఖ్యలు పోల్చడం తప్పు.

ఇంకా ముఖ్యం, ఇరుపక్కలా ఐదేసి మాటలు రాసుకోవడం. మాట అదే, పొరుగు మారుతుంది. 1960లలో వలసపాలన, జాతివివక్ష. 1974లో కొత్త అంతర్జాతీయ ఆర్థిక వ్యవస్థ కావాలన్న వర్ధమాన దేశాల కోరిక. 1983 ఢిల్లీ అలీన సదస్సులో నిరాయుధీకరణ, అభివృద్ధి జంటగా. 1992లో పి.వి. జకార్తా అలీన సదస్సుకు వెళ్లేనాటికి రెండు కూటముల్లో ఒకటి, సోవియట్‌ది, లేదు; అప్పులు, ‘దక్షిణ’ దేశాల, అంటే వర్ధమాన దేశాల, పరస్పర సహకారం ముందుకొచ్చాయి. ఇటీవల మనవాళ్లు ‘వ్యూహాత్మక స్వయంప్రతిపత్తి’ (ఎవరి పక్షమూ కట్టక సొంతంగా నిర్ణయించుకోవడం) అంటున్నారు. దాన్ని కలపకపోతే ఆ ఆలోచనే పోయిందనిపిస్తుంది.

ప్రశ్న: మరి పాత అనువాదాల్లో ‘తటస్థ’ను దిద్దాలా?

జవాబు: వద్దండీ. 1950లలో ఇంగ్లిష్ పత్రికలే ‘న్యూట్రలిజం’ అని రాసేవి, మనవాళ్లు దాన్నే తెలుగు చేసి ఉండొచ్చు. మూలంలో ఏముందో పక్క గడిలో రాసి, రెండింటినీ వేర్వేరుగా లెక్కించండి.