పంచలోహ ఉత్సవమూర్తులు చేయించేటప్పుడు ఏ దశలో ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):

మా వీధి రామాలయానికి ఒకటిన్నర అడుగుల ఎత్తుగల సీతారామలక్ష్మణుల పంచలోహ ఉత్సవమూర్తులు చేయించాలని కమిటీ తీర్మానించింది. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక దుకాణంవారు తయారుగా ఉన్న విగ్రహాలను కిలో లెక్కన ఇస్తామంటున్నారు. కుంభకోణం సమీపంలోని స్వామిమలై స్థపతి ఒకరు అంతకు రెట్టింపు ధర చెప్పి, కొన్ని నెలల గడువు కోరారు. బంగారం ఎంత కలుపుతారన్న దాని మీదనే మా కమిటీలో వాదన నడుస్తోంది. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (తెనాలి, పోతపని చేసేవాడిని):

అయ్యా, బంగారం మీద వాదించి ప్రయోజనం లేదు. ఈనాటి పంచలోహంలో అధికభాగం రాగి, దానికి తోడు ఇత్తడి, కొద్దిగా సీసమో తగరమో ఉంటాయి. వెండి, బంగారం నామమాత్రమే, పోత రోజున భక్తులు ఇచ్చిన చిన్న ముక్కలను మూసలో (లోహం కరిగించే పాత్రలో) వేయడమే ఎక్కువ చోట్ల ఆచారం. రంగు చూసి వాటి పాళ్లు చెప్పడం ఎవరి తరమూ కాదు.

మీరు చూడవలసినది మైనం బొమ్మను. స్వామిమలైలో తేనెమైనం, గుగ్గిలం, వేరుశనగ నూనె కలిపి కాచిన ముద్దతో ముందు బొమ్మను తీర్చి, దాని మీద కావేరి ఒండ్రుమట్టిని మొదట పలుచగా, ఆరిన తరువాత మందంగా పొరలు పొరలుగా పూసి, ఇనుప తీగతో బిగించి, నీడలో ఆరనిస్తారు. తరువాత అచ్చును కాల్చితే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలోకి లోహం పోస్తారు. అచ్చు వేడిగా ఉండగానే పోయాలి, లేకుంటే వేళ్ల కొసలు, కిరీటపు అంచులు చేరకముందే లోహం గడ్డకడుతుంది. చల్లారాక అచ్చును పగలగొట్టక తప్పదు కనుక ఆ అచ్చుతో రెండో విగ్రహం రాదు. రబ్బరు అచ్చులో మైనపు నకళ్లు తీసి పోసినవే దుకాణాల్లో ఎక్కువగా దొరుకుతాయి. అవి చెడ్డవని నేను అనను, కానీ ముఖంలో జీవం కావాలంటే స్థపతి చేతితో తీర్చిన మైనానికే డబ్బు పెట్టండి.

ముక్కు, పెదవి, వేళ్ల ముద్ర నచ్చకపోతే మైనం దశలో గంటలో సరిదిద్దవచ్చు. లోహమైన తరువాత ఉలికి దొరికేది చెక్కి తగ్గించడమే, పెంచడం కుదరదు. అందువల్ల మట్టి పూయకముందు కమిటీలో ఇద్దరు వెళ్లి చూస్తామని ఒప్పందంలోనే రాయించుకోండి.

జవాబు 2 (విజయవాడ, మెటలర్జీ చదివినవాడిని):

పై మిత్రుడి మాటకు ఒక లెక్క కలుపుతాను. మైనం నీటికంటే కాస్త తేలిక, రాగి మిశ్రమాలు నీటికంటే దాదాపు ఎనిమిదిన్నర రెట్లు బరువు. కాబట్టి ఘనంగా (లోపల ఖాళీ లేకుండా) పోసిన విగ్రహం తన మైనం బొమ్మకు సుమారు తొమ్మిది రెట్లు తూగుతుంది. రెండు కిలోల మైనం అంటే పద్దెనిమిది కిలోల విగ్రహమన్నమాట. మైనం చూడడానికి వెళ్లినప్పుడే, లోహం పోయడానికి పెట్టే మైనపు కాడలు కాక బొమ్మను మాత్రమే తూచి రాసుకోండి. తరువాత వచ్చిన విగ్రహం బాగా తక్కువ తూగితే లోపల గుల్ల ఉందన్నమాట. పన్నెండో శతాబ్దంలో చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసం కూడా మైనం తూకాన్ని బట్టే లోహం తీసుకోమంటుంది.

బంగారం దుకాణాల్లో నాణ్యత చూసే యంత్రం, కారట్ మీటర్, పైపొరను మాత్రమే చదువుతుంది. దాని చీటీని చూసి లోపలి మిశ్రమాన్ని నమ్మకండి.

జవాబు 3 (అర్చకుడిని, గుంటూరు):

బంగారం నామమాత్రమన్నంత మాత్రాన దానిని తేలికగా తీసివేయకండి; భక్తులు తమ చేతితో ఇచ్చిన బంగారు పిసరు పోతలో కలవడం వారి శ్రద్ధకు సంబంధించిన విషయం. మిగిలినదంతా ప్రమాణం, అంటే కొలతల లెక్క. ముఖం పొడవు ఒక తాళం, అది పన్నెండు అంగుళాలు. మొత్తం ఎత్తు ప్రధాన దేవతలకు ఉత్తమ దశతాళమనే కొలతలో 124 అంగుళాలు, దేవేరులకు మధ్యమ దశతాళంలో 120. ఈ అంగుళం విగ్రహం ఎత్తులోని భాగమే కానీ టేపు మీదిది కాదు. అందుకే మూలవిరాట్టు కొలతలు తీసుకుని వెళ్లమంటాను. పీఠానికి ఊరేగింపు కర్రలు దూర్చే కన్నాలు, ప్రభావళి నిలిచే గాడులు, రాముడి చేతిలో విల్లు బాణాలు ఇమిడే సందు కూడా మైనంలోనే చేయించండి. ఊరేగింపులో భుజాన మోసేది మన పిల్లలే కనుక బరువు కూడా ముందే అనుకోండి.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. బోలు విగ్రహాలు అసలు పనికిరావా? తూకం తగ్గితే ధర తగ్గుతుందని ఒక సభ్యుడు పట్టుబడుతున్నాడు.

జవాబు 1:

బోలుపోత కూడా మన శాస్త్రంలో ఉన్నదే, ఘనం, సుషిరం అని రెండూ చెప్పారు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయలు, దేవేరుల ప్రతిమలు రాగిరేకును కొట్టి చేసినవి, అవీ బోలే. కానీ అవి దండం పెట్టి నిలిచిన భక్తుల ప్రతిమలు, అభిషేకానికి కావు. మీ మూర్తులకు ఏటా పాలు, పెరుగు, కొబ్బరినీళ్లు తగులుతాయి. బోలు విగ్రహంలో సన్నని రంధ్రం ఉన్నా లోపలికి దిగిన తడి ఆరక పచ్చని కిలుము పడుతుంది. ఒకటిన్నర అడుగుల విగ్రహానికి ఘనమే మేలు. ధర తగ్గాలంటే ప్రభావళిలో పనితనం తగ్గించమనండి, ముఖంలో కాదు.