వీ1, వీ2, వీ3 పట్టిక బట్టీ పట్టించడం అవసరమా?

చుక్కలదారి:
మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి. "గో, వెంట్, గాన్, టేక్, టుక్, టేకెన్" అని క్రియల మూడు రూపాల పట్టిక ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంది. అదే పిల్ల నిన్న నోట్‌బుక్‌లో "ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్" అని రాసింది. దాని కిందే "డిడ్ యు సా ది మూవీ?" అని ఇంకోటి. పట్టిక నోటికొచ్చినా వాక్యం ఎందుకు రావట్లేదు? ఈ బట్టీ మానిపించేయనా? టీచర్లు, నేర్చుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

పాతపుస్తకం:
మానిపించకండి. తప్పు పట్టికది కాదు, పట్టిక తర్వాత చెప్పాల్సిన పాఠం ఎవరూ చెప్పలేదు. పాస్ట్ సింపుల్‌లో (జరిగిపోయినదాన్ని చెప్పే వాక్యంలో) కాలాన్ని ఒక్కచోటే చూపిస్తాం. "షి వెంట్" అన్నప్పుడు అది క్రియలో ఉంది. లేదనాలన్నా, అడగాలన్నా "డిడ్" వస్తుంది. కాలం దాని మీదికి వెళ్లిపోతుంది, క్రియ మళ్లీ మొదటి రూపానికి వస్తుంది: "షి డిడ్ నాట్ గో", "డిడ్ షి గో?" వాజ్, వర్ ఉన్నచోట మాత్రం డిడ్‌తో పనిలేదు: "షి వాజ్ నాట్ హియర్", "వర్ యు హియర్?"

తెలుగులో మనం చేసేదీ దాదాపు ఇదే. "వెళ్లాను" అంటాం, కాదనాల్సొస్తే "వెళ్లలేదు" అంటాం. "వెళ్లానులేదు" అని ఏ పిల్లా అనదు. రెండు భాషల వాక్యాలూ పక్కపక్కన రాసి చూపించండి. అయితే గో నుంచి వెంట్ ఎలా వచ్చిందో ఏ సూత్రమూ చెప్పదు. అది "వెండ్" అనే వేరే క్రియ నుంచి వచ్చి చేరిన రూపం. అలాంటివి బట్టీ పట్టాల్సిందే, వేరే దారి లేదు.

మాటమంతి:
దారి లేదనడం ఏంటండీ? ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఏ పట్టిక చూసి నేర్చుకున్నారు? మొదట్లో విన్నది విన్నట్టు వెంట్ అంటారు. సూత్రం పట్టుబడ్డాక కొన్నాళ్లు గో పక్కన డ్ చేర్చి "గోడ్" అంటారు. వినగా వినగా మళ్లీ వెంట్‌కి వస్తారు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకి "రిక్" అనే లేని క్రియ చెప్పి, ఇతను నిన్న ఏం చేశాడని అడిగితే ఎక్కువమంది "రిక్ట్" అన్నారు. అంతకుముందు ఎప్పుడూ వినని మాట అది! పిల్లల బుర్ర సూత్రాన్ని దానంతట అదే పట్టుకుంటుంది. రోజూ పడుకునేముందు "నిన్న ఏం చేశావో చెప్పు" అని పది నిమిషాలు మాట్లాడించండి చాలు.

ఉదయరాగం:
అసలు చిక్కు పలకడంలో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పట్టికలో స్పెల్లింగ్ చూసి పిల్లలు "వాకెడ్, లాఫెడ్, హెల్పెడ్" అంటారు. ట్, డ్ శబ్దాలతో ఆగే క్రియలకే "ఇడ్" చేరుతుంది: వాంటిడ్, నీడిడ్. క్, ప్, ఫ్, స్, ష్, చ్ తర్వాత వినపడేది "ట్": వాక్ట్, హెల్ప్ట్, లాఫ్ట్. మిగతావాటికి "డ్": ప్లేడ్, ఓపెన్డ్. మాటమంతి గారు చెప్పిన "రిక్ట్"లో కూడా చివర ట్ ఉంది, గమనించారా?

రాత్రిబండి:
మావాడు "ఐ వాజ్ గో" అంటాడు. దానికేం చేయాలి?

పాతపుస్తకం:
రాత్రిబండి గారూ, అక్కడ వాజ్ తీసేసి "ఐ వెంట్" అనిపించండి. గతం అనగానే వాజ్ తగిలించే అలవాటు చాలామందికి ఉంటుంది.

మాటమంతి గారూ, రోజంతా ఇంగ్లీషు వినే పిల్లలతో వారానికి నాలుగైదు పీరియడ్లు వినే పిల్లల్ని ఎలా పోలుస్తారు? వినగా వినగా అన్నారు. వినడానికి ఇంట్లో ఎవరు మాట్లాడుతున్నారు?

గట్టునడక:
2007లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పాత ఇంగ్లీషులో సూత్రానికి లొంగని క్రియలు 177 తీసుకుని చూస్తే, మధ్యయుగపు ఇంగ్లీషుకి వచ్చేసరికి 145, ఇప్పటికి 98 మాత్రమే అలా మిగిలాయి. హెల్ప్‌కి ఒకప్పుడు "హోల్ప్" అనేవాళ్లు, అది పోయి హెల్ప్ట్ అయింది. వాడకం ఎంత తక్కువైతే అంత త్వరగా సూత్రంలో కలిసిపోయాయి. బీ, హావ్, డూ, గో, సే లాంటివి రోజూ నోట్లో నలుగుతాయి కాబట్టి అలాగే ఉండిపోయాయి.

మాటమంతి:
చూశారా! వాడకమే వాటిని నిలబెట్టింది, పట్టిక కాదు.

పాతపుస్తకం:
అదే లెక్క నా వైపు కూడా వస్తుంది. రోజూ కావాల్సినవే మొండివి అయినప్పుడు వాటినే ముందు నేర్పాలి. పట్టిక మొత్తం అక్కర్లేదు, ఒక ముప్పై క్రియలతో మొదలుపెట్టండి అంటాను.

మాటమంతి:
ముప్పై అయినా మూడొందలైనా అప్పజెప్పించే పద్ధతి అదేగా. ఆరో తరగతిలో నేను "హి కాచ్డ్ ది బాల్" అన్నాను. కాట్ అనాలి, కానీ సూత్రం ప్రకారం ఆలోచించి కట్టిన రూపం అది. సార్ నన్ను నిలబెట్టి, క్లాసంతా నవ్వేదాకా అదే మాట మళ్లీ మళ్లీ చెప్పించారు. ఏడాదంతా నా పేరు కాచ్డ్. ఆ తర్వాత కాలేజీ అయిపోయేదాకా ఎవరి ముందూ ఇంగ్లీషులో నోరు విప్పలేదు. మీలాంటి వాళ్లు దీన్ని చదువు అంటారు!

పాతపుస్తకం:
నేనెప్పుడూ ఏ పిల్లవాణ్నీ అలా నిలబెట్టలేదు. మీ సార్ చేసిన పనికి నన్ను తిట్టకండి. నా దగ్గరికి ఉద్యోగాల కోసం వచ్చేవాళ్లు ఉన్నారు. ఒకమ్మాయి చురుకైనది, గలగలా మాట్లాడుతుంది. "ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019" అని ప్రతి అప్లికేషన్‌లో రాసింది. ఏడాది చెప్పాక అక్కడ "ఐ కంప్లీటెడ్" అనాలని పదిహేనేళ్ల చదువులో ఒక్కరూ చెప్పలేదు. ధైర్యం పోతుందని అందరూ ఊరుకున్నారు. చివరికి ఇంటర్వ్యూలో ఎవరో ముఖం మీదే అన్నారు. ఆ అమ్మాయి నా ముందు కూర్చుని ఏడ్చింది. మీరు నవ్వులపాలు చేయడం గురించి బాధపడుతున్నారు, నేను పట్టించుకోకుండా వదిలేయడం గురించి బాధపడుతున్నాను.

వానకోయిల:
అంటే మీ ఇద్దరి గొడవ పట్టిక గురించి కాదు. తప్పు దిద్దాలా వద్దా అని.

మాటమంతి:
దిద్దొద్దని నేను అనలేదు. మాట మధ్యలో ఆపొద్దు అంటున్నాను. పిల్ల "ఐ గోడ్ టు ది పార్క్" అంటే "ఓ, యు వెంట్ టు ది పార్క్! హూ డిడ్ యు సీ దేర్?" అని తిరిగి అడగండి. సరైన రూపం చెవిలో పడుతుంది, మాట ఆగదు.

పాతపుస్తకం:
మాటలో అలాగే చేయండి, నాకు అభ్యంతరం లేదు. రాసిన వాక్యాన్ని మాత్రం వదలకూడదు. చుక్కలదారి గారి పిల్ల రాసిన "డిడ్ నాట్ వెంట్"ని వినిపించి సరిచేయలేరు, ఎందుకంటే వెంట్ అనే రూపం ఆ అమ్మాయికి ఇప్పటికే తెలుసు. అది అక్కడ ఎందుకు రాకూడదో కూర్చోబెట్టి చెప్పాలి.

మాటమంతి:
చెప్పండి, కానీ ఎర్ర పెన్నుతో కాదు. ఆ పిల్లనే "షి వెంట్", "షి డిడ్ నాట్ గో" రెండూ చూసి తేడా కనిపెట్టమనండి.

చుక్కలదారి:
ఇప్పుడే అడిగాను. "డిడ్ ఉన్నచోట వెంట్ కూడా రాస్తే రెండుసార్లు నిన్న అన్నట్టు అవుతుందా బాబాయ్?" అంది. "డిడ్ యు సా" తనే కొట్టేసి "సీ" రాసుకుంది. బట్టీ మాత్రం మానను అంటోంది, సోమవారం టెస్ట్ ఉందట.