నీట మునిగిన అభ్రకం గనులలో గుహ డైవింగ్ శిబిరం జరపవచ్చునా?

పెన్నా తీరం:

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాలలో స్కూబా నేర్చుకున్న కొద్దిమందిమి కలిసి, ఈశాన్య రుతుపవనాల వానలు పూర్తిగా వెనుకపట్టిన తరువాత, ఫిబ్రవరి చివరలో రెండు రోజుల ప్రాంతీయ శిబిరం జరపాలని సంకల్పించాము. మాలో ఎక్కువమంది పుదుచ్చేరిలోనో అండమాన్‌లోనో ఓపెన్ వాటర్ శిక్షణ (నెత్తిన కప్పు లేని నీటిలో దిగడానికి ఇచ్చే తొలి స్థాయి శిక్షణ) పూర్తిచేసినవారు. గుహ డైవింగ్‌లో సర్టిఫికెట్ ఉన్నవారు మాత్రం ఒక్కరూ లేరు. మెక్సికోలో ఆ విద్య నేర్పే శిక్షకుడొకరు సెలవులకు నెల్లూరు వస్తున్నారు; శనివారమంతా ఉపన్యాసానికీ నేలమీద సాధనకూ ఆయన అంగీకరించారు.

మా సందేహం ఆదివారం గురించి. గూడూరు, సైదాపురం ప్రాంతాలలో పనులు నిలిచిపోయిన అభ్రకం గనులు కొన్ని నీటితో నిండి ఉన్నాయి. పైన ఆకాశం కనిపించే పెద్ద గుంట, దాని అడుగున పక్కలకు తొలిచిన సొరంగాలు వాటిలో కనిపిస్తాయి. మన నేలలో అధికభాగం షిస్టు, గ్రానైటు రాళ్ళే కనుక, సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడే గుహలను ఇక్కడ వెదకడం వృథా. అందువల్ల ఈ సొరంగాలనే గుహలుగా భావించి, ముగ్గురేసి చొప్పున, వెలుతురు పడే మేరకు పది మీటర్ల లోపలికి మాత్రమే తీసుకువెళ్ళవచ్చునని కొందరు మిత్రులు అంటున్నారు. మరికొందరు చీమకుర్తి గ్రానైటు క్వారీ గుంటలు మేలంటున్నారు. అనుభవజ్ఞులు దయచేసి నిస్సంకోచంగా చెప్పండి: ఇది చేయదగిన పనియేనా, కాకపోతే ఆదివారాన్ని ఎలా సార్థకం చేసుకోవాలి?

రామాయపట్నం:

అయ్యా, శిబిరం తప్పక జరపండి. గని సొరంగంలోకి మాత్రం ఒక్కరిని కూడా దించకండి.

సముద్రంలో ఏ ఆపద వచ్చినా, నెమ్మదిగా పైకి వెళ్ళడమనే దారి ఒకటి చివరిదాకా మిగిలి ఉంటుంది. ఓపెన్ వాటర్ శిక్షణ అంతా ఆ ఒక్క దారి మీదనే ఆధారపడింది. నెత్తిన రాయి ఉన్నచోట ఆ దారి ఉండదు. లోపలికి ఎంత దూరం వచ్చారో అంత దూరం, ఒక్కోసారి కంటికి ఏమీ కనిపించని స్థితిలో, మిగిలిన గాలితోనే వెనక్కు రావాలి. అమెరికన్ గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో ప్రమాదాలన్నింటినీ ఒకచోట చేర్చి పరిశీలించి, మరణాలకు పదేపదే కనిపించిన కారణాలను వేరుచేశాడు. బయటి నీటి వరకు తెగకుండా సాగే తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి తగినంత గాలి మిగుల్చుకోకపోవడం, సామర్థ్యానికి మించిన లోతుకు పోవడం వాటిలో ముఖ్యమైనవి. తగిన శిక్షణ లేకపోవడం, మనిషికి మూడు దీపాలు లేకపోవడం తరువాత ఆ వరుసలో చేరాయి. ఫ్లోరిడాలోని నీటి గుహల ముఖద్వారాల వద్ద పెట్టిన హెచ్చరిక బోర్డులు, అక్కడ చనిపోయినవారిలో ఓపెన్ వాటర్ శిక్షకులు కూడా ఉన్నారని స్పష్టంగా చెబుతాయి. మీ సభ్యులలో ఎవరికైనా తమ అనుభవం మీద అతి నమ్మకం ఉంటే ఆ మాటను తప్పక వినిపించండి.

పది మీటర్లే కదా అనే వాదనకు జవాబు అడుగున పేరుకున్న మన్నులో ఉంది. కాళ్ళకు తొడుక్కునే ఈత రెక్కలను (ఫిన్స్) మామూలుగా పైకీ కిందికీ ఆడిస్తే ఆ నీటి తోపుడుకు మన్ను లేచి, క్షణాల్లో చేతికి కట్టుకున్న గేజి కూడా కనిపించని స్థితి వస్తుంది. వచ్చిన దారి పది మీటర్లదైనా వంద మీటర్లదైనా, ఎటు తిరగాలో తెలియనివాడికి ఒకటే. కప్ప ఈదినట్టు కాళ్ళు పక్కలకు కొట్టే పద్ధతి అలవడి, శరీరం అడ్డంగా నిలకడగా తేలుతూ ఉండే నేర్పు రానివారికి ఈ ప్రమాదం మొదటి నిమిషంలోనే ఎదురుకావచ్చు. 2018 జులైలో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండు మంది పిల్లలనూ వారి కోచ్‌నూ కాపాడే ప్రయత్నంలో, గాలి సిలిండర్లు లోపల చేర్చి తిరిగి వస్తూ సమన్ కునన్ మరణించాడు. ఆయన థాయి నౌకాదళపు ప్రత్యేక దళంలో పనిచేసిన మనిషి.

మరి ఆదివారం ఏం చేయాలంటే, శనివారం నేర్చుకున్నదాన్నే నీటిలోకి తీసుకువెళ్ళండి. శనివారపు నేలమీది సాధనకు మైపాడు వైపు సరుగుడు తోపులు ఎంతో అనుకూలం. చెట్టు నుంచి చెట్టుకు, మోకాలి ఎత్తున, కొన్నిచోట్ల నేలను తాకేటట్టు తాడు కట్టి, మాస్కులకు నల్లకాగితం అంటించి, ఇద్దరిద్దరిని దాని వెంట నడిపించండి. వెనకవాడు ముందువాడి మోచేతినో భుజాన్నో పట్టుకొని, రెండో చేతి బొటనవేలినీ చూపుడువేలినీ తాడు చుట్టూ వలయంగా ఉంచి, దాన్ని లాగకుండా రావాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ముందుకు నడువు, ఆగు, వెనక్కు తిరుగు అనే మూడు సంగతులూ స్పర్శతోనే తెలియాలి. తాడు మీది బాణం గుర్తులు బయటికి పోయే దిక్కునే చూపుతాయి కనుక వాటిని వేళ్ళతో తడిమి గుర్తించడం అక్కడే నేర్పవచ్చు. చీకటి పడ్డాక దీపపు సంకేతాలు కూడా చేయించండి: నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే క్షేమం, వేగంగా అటూ ఇటూ ఊపితే ఆపద. ఇదంతా పిల్లల ఆటలా కనిపించవచ్చుగాని, అసలైన గుహ శిక్షణలో కూడా మొదటి పాఠాలు నేలమీదనే ఉంటాయి. మరునాడు ఈత కొలనులో అదే తాడును అడుగున పరచి అదే పని చేయించండి.

పలుగురాయి:

మాది సైదాపురం దగ్గరి పల్లె. నాన్నగారు అభ్రకం గనిలో మేస్త్రీగా పనిచేశారు. పై సభ్యులు చెప్పినదానికి గని గురించిన సంగతులు కొన్ని చేరుస్తాను.

పెగ్మటైట్ రాతి సిరలలో అభ్రకం దొరుకుతుంది. ఆ సిర ఎటు తిరిగితే పనివాళ్ళు అటు తవ్వుకుంటూ పోయారు కనుక, ఆ సొరంగాలకు ఒక పద్ధతైన రూపం ఉండదు. ఒకచోట మనిషి పట్టేంత సందు, పక్కనే పెద్ద గది, దాని కింద మరొక గొయ్యి ఉంటాయి. కప్పుకు ఆనించిన దుంగలు నీటిలో నాని ఏ స్థితిలో ఉన్నాయో పైనుంచి చూసి చెప్పగలవారెవరూ లేరు. సహజమైన గుహ వేల ఏళ్ళుగా తన బరువును తానే మోస్తూ నిలిచి ఉంటుంది. మనిషి తవ్విన గనిని ఆ దృష్టితో చూడకూడదు. పాత ఇనుప తాళ్ళు, తీగలు లోపల ఉంటే సిలిండరు వాల్వు వాటికి చిక్కుకుంటుంది. అభ్రకపు సన్నటి రేకులు నీటిలో లేస్తే దీపపు వెలుగంతా తిరిగి కళ్ళలోనే పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. నీటిలో మునిగిన సొరంగపు కప్పు కింద అక్కడక్కడ గాలి చిక్కుకొని ఉంటుంది. ఆయాసపడేవాడు అక్కడ తల పైకెత్తగానే ప్రాణం లేచివచ్చినట్టై నోటికి సిలిండరు గాలిని అందించే రెగ్యులేటర్ తీసేస్తాడు. ఏళ్ళ తరబడి కదలని ఆ గాలిలో కుళ్ళిన కట్టె వల్ల, రాతిలోని ఖనిజాల వల్ల ఆక్సిజన్ తగ్గిపోయి ఉండవచ్చు; ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మా ఊళ్ళో పాడుబడిన బావిలోకి దిగే ముందు పెద్దలు దీపం దించి చూసేది ఇందుకే.

చీమకుర్తి విషయం కూడా చెబుతాను. అక్కడి గుంటలు చాలావాటిలో ఇంకా పని జరుగుతోంది, పేలుళ్ళు ఉంటాయి. పని ఆగినవాటికి నిలువు గోడలు. అలసినవాడు ఒడ్డెక్కడానికి పట్టు దొరకదు, అంచున వదులుగా ఉన్న రాళ్ళు ఎప్పుడు జారుతాయో తెలియదు. యజమాని రాతపూర్వక అనుమతీ, గనుల శాఖ అనుమతీ లేకుండా ఆ ఛాయలకు పోకండి.

పెన్నా తీరం:

ఇరువురికీ కృతజ్ఞతలు. మీ జవాబులను సభ్యులందరికీ చదివి వినిపించాము. గని ఆలోచనను విరమించుకొని తోపు, కొలను కార్యక్రమానికే అందరూ సమ్మతించారు. గాలిని మూడు భాగాలు చేసుకునే నియమాన్ని కొత్తవారికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో, ఆపత్కాల ఏర్పాట్లు ఏవేవి కావాలో కూడా తెలియజేయగలరు.

రామాయపట్నం:

లెక్క వేసి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. 12 లీటర్ల సిలిండరులో 210 బార్ల పీడనం ఉందనుకోండి; మొత్తం 2,520 లీటర్ల గాలి. నియమం ప్రకారం ఒక వంతు లోపలికి పోవడానికి, ఒక వంతు తిరిగి రావడానికి, ఒక వంతు ఆపదకు; ఒక్కో వంతు 840 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల లోతున, అక్కడి పీడనం పైనకంటే మూడింతలు కావడం వల్ల, 60 లీటర్లు వాడతాడు కనుక, 14 నిమిషాలకు ఆ మొదటి వంతు అయిపోతుంది. సిలిండరు పీడనం చూపే గేజి 140 బార్లు చూపగానే వెనుదిరగాలి. సరిగ్గా ఆ చివరి చోటనే తోడువాడి గాలి మొత్తం పోయిందనుకోండి. ఒక్క సిలిండరులో మిగిలినది 1,680 లీటర్లు, పీల్చేవారు ఇద్దరు, నిమిషానికి 120 లీటర్లు. సరిగ్గా 14 నిమిషాలు వస్తుంది. ఒక్క లీటరు మిగలదు. భయపడినవాడు రెట్టింపు వేగంతో పీలుస్తాడన్న సంగతి ఈ లెక్కలో లేనేలేదు. అందువల్ల మూడో వంతు అనేది పై హద్దు మాత్రమే. కొత్తగా నేర్చుకునేవారిని జంట సిలిండర్లతో ఆరో వంతు దగ్గరే వెనక్కు తిప్పే పద్ధతి కూడా ఉంది. ఈ లెక్కను శనివారం ప్రతివారిచేత తమ సిలిండరుకు, తమ శ్వాస వేగానికి చేయించండి. జట్టులో ఎవరి వంతు ముందు పూర్తయితే వారి మాటే అందరికీ శాసనం. కారణం చెప్పకుండానే డైవ్ ఆపించే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని, ఎందుకని అడగడం మర్యాద కాదని కూడా అప్పుడే చెప్పండి.

కోడూరు తీరం:

ఆపత్కాల ఏర్పాట్లు కొలనుకైనా తప్పవు. నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వగల సిలిండరు, మాస్కు ఒడ్డునే ఉండాలి. దాన్ని వాడటం తెలిసిన మనిషి ఆ రోజు నీటిలోకి దిగకూడదు. ఎంత లోతులేని కొలనులోనైనా సిలిండరు గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చునని మొదటే హెచ్చరించండి. తరువాత ఎప్పుడైనా పుదుచ్చేరిలో సామూహిక డైవ్‌లు పెట్టుకుంటే, రీకంప్రెషన్ ఛాంబర్ (డైవింగ్ వల్ల జబ్బుపడినవారిని మళ్ళీ అధిక పీడనంలో ఉంచి చికిత్స చేసే గది) ఉన్న ఆసుపత్రి ఏదో, ఆ వారంలో అది పనిచేస్తున్నదో లేదో ముందే ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

ఒక విన్నపం. పెన్నాలోనో చెరువులలోనో ఎవరైనా మునిగితే మన అధికారులు మొదట పిలిచేది గజ ఈతగాళ్ళను. తాడూ దీపమూ లేకుండా బురద నీటిలో వెదికే ఆ మనుషులను శనివారం తోపుకు పిలవండి, రుసుము తీసుకోకండి. చూపు ఆననిచోట తాడును ఆధారం చేసుకొని వెదకడం, జతగాడితో స్పర్శతో మాట్లాడటం మనలో ఎవరికంటే వారికే ఎక్కువ అక్కరకు వస్తాయి.