రొమ్ము పునర్నిర్మాణం తర్వాత స్పర్శ ఎలా కొలుస్తున్నారు?

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఫిజియోథెరపీ, నర్సింగ్ చేస్తున్నవాళ్ళకు ఒక ప్రశ్నండీ. పొట్ట చర్మం, కొవ్వుతో రొమ్ము కట్టించుకుని విశాఖ నుంచి ఇంటికొచ్చిన ఆడవాళ్ళకు స్పర్శ ఎంత తిరిగొచ్చిందో ఎలా చూస్తున్నారు?

కుష్ఠు పరీక్షలో వాడే నైలాన్ పోగులే (0.07, 0.2, 2, 4, 300 గ్రాముల ఒత్తిడికి వంగేవి) వాడదామని ఆలోచన. కళ్ళు మూయించి, పోగు వంగేదాకా ఒకటిన్నర సెకను ఆనించి తీయాలి. ముందు ఆపరేషన్ కాని రెండో రొమ్ము మీద, తర్వాత కట్టిన వైపు. చిక్కల్లా 300 గ్రాముల పోగుతోనే. మెత్తటి కొవ్వు మీద అది గట్టిగా దిగితే ఒత్తిడి అడుగున ఛాతీకి తగిలి "తెలిసింది" అంటారు. అది చర్మం స్పర్శ కాదు. 4 గ్రాముల దగ్గరే ఆపేయాలా?

నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది కదా, మూడు నెలలకోసారి చూస్తే చాలా? నరం కలిపి కుట్టారో లేదో డిశ్చార్జి కాగితంలో లేకపోతే ఎవరిని అడుగుతున్నారు?

అన్నిటికన్నా భయం కాపడం. మొద్దుబారిన చోట వేడినీళ్ళ సంచి పెడితే బొబ్బ లేచేదాకా తెలియదు. ఇది ఇంట్లోవాళ్ళకు గుర్తుండిపోయేలా మీరెలా చెబుతున్నారు?