పాత పెన్ను వాసన: కడిగేస్తే పోతుందా, ముందు కారణం తేల్చాలా?

కొత్తకలం:
ఎరుపు మీద నల్లచారల పాత లీవర్ ఫిల్లర్ (మీట ఎత్తి సిరా నింపే పెన్ను) ఒకటి చేతికొచ్చింది. కంపెనీ పేరు అరిగిపోయింది. మూత తీయగానే రెండు వాసనలు వస్తున్నాయి. ఒకటి కర్పూరంలా, రెండోది పుల్లగా, ముక్కు చుర్రుమనేలా. లోపలి సాక్ (సిరా నిండే రబ్బరు సంచి) గట్టిపడి పెంకుల్లా విరుగుతోంది. క్లిప్ మొదట్లో పచ్చటి చిలుము కూడా ఉంది. ఈ వాసన ఎలా వదిలించాలి? రాత్రంతా నీళ్ళలో నానబెట్టొచ్చా?

సిరాబుడ్డి:
కంగారేమీ లేదు. పాత సిరా, కుళ్ళిన సాక్, అంతే. సెక్షన్ (రాసేటప్పుడు పట్టుకునే ముందు భాగం) విడదీసి సాక్ పెంకులన్నీ గీకి తీసేయండి. సెక్షన్, పాళీ, ఫీడ్ (పాళీకి సిరా అందించే ముక్క) మామూలు నీళ్ళతో కడిగాక, ఇంట్లో వాడే అమ్మోనియా 1 వంతు, నీళ్ళు 10 వంతులు, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి 15 నిమిషాలు ఉంచండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ కడగండి. తర్వాత పెన్ను మొత్తం గాజు సీసాలో పెట్టి, పక్కన గుడ్డ మూటలో 50 గ్రాముల యాక్టివేటెడ్ చార్‌కోల్ వేసి మూత బిగించండి. పొయ్యి బొగ్గు కాదు, చేపల తొట్టెల ఫిల్టర్లలో వాడే రకం. రెండు వారాల్లో వాసన పోతుంది. బూజు వాసన ఇంకా ఉంటే 10 శాతం బ్లీచ్ నీళ్ళు ఫీడ్‌కి పట్టించండి.

గట్టిరబ్బరు:
కొత్తకలం గారూ, సీసా మూత బిగించకండి. ముందు వాసన ఏ భాగం నుంచి వస్తోందో చూడండి. మూత, బారెల్ (పెన్ను గొట్టం), సెక్షన్ మూడూ విడదీసి మూడు శుభ్రమైన గాజు సీసాల్లో విడివిడిగా పెట్టండి. ప్లాస్టిక్ సంచులు వద్దు, వాటికే వాసన పడుతుంది. సగం రోజు ఆగి ఒక్కొక్కటి తెరిచి చూడండి.

ఆస్పత్రి వాసన సెక్షన్‌లో మాత్రమే ఉంటే అది సిరాలో వేసే ఫినాల్ మందుది కావచ్చు. కడిగితే పోతుంది. బూజు వాసన మూతలో ఉంటే లోపలి మూతలో సిరా ఎండిపోయి ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసనకి కారణం సిరాలో పెరిగిన బాక్టీరియా అయినా కావచ్చు, రబ్బరులోని గంధకం అయినా కావచ్చు. ఎబొనైట్ అంటేనే గంధకం బాగా దట్టించిన రబ్బరు, కాస్త వాసన దానికి పుట్టుకతోనే వస్తుంది. వెనిగర్ వాసన బారెల్ నుంచి వస్తే అది సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. కర్పూరం వాసన సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ది. అది మామూలే. దాని పక్కన పుల్లటి ఘాటు, దగ్గర్లోని లోహానికి పచ్చ చిలుము, ఈ రెండూ ఉంటే సెల్యులాయిడ్ కుళ్ళు మొదలైనట్టు. మీరు చెప్పిన లక్షణాలు అవే.

సిరాబుడ్డి:
చిలుము చూసి సెల్యులాయిడ్ కుళ్ళింది అనడం తొందరపాటు. క్లిప్ మీద బంగారు పూత అరిగితే కింద ఇత్తడి ఉంటుంది. చెమట తగిలితే చిలుము పట్టదా?

గట్టిరబ్బరు:
పడుతుంది. చిలుము ఒక్కటే చూసి అనలేదు, వాసనతో కలిపి అన్నాను.

చుక్కసిరా:
లవంగ నూనె రెండు చుక్కలు సిరా సీసాలో వేస్తే బూజూ రాదు, వాసనా రాదు. పాతకాలంలో అందరూ వేసేవాళ్ళు.

గట్టిరబ్బరు:
వేసేవాళ్ళు, నిజమే. అప్పట్లో సిరాలో ముంచి రాసే లోహపు పాళీలు. నూనె నీళ్ళలో కరగదు, పైన తేలి ఫీడ్ సందుల్లో అంటుకుంటుంది, సిరా సరిగ్గా పారదు. పాలిస్టైరీన్ లాంటి ప్లాస్టిక్ భాగాలుంటే వాటినీ మెత్తబరుస్తుంది. బూజు పట్టిన సిరా పారబోయండి. ఆ సీసాలో మళ్ళీ పెన్ను ముంచితే మీరు కడిగిందంతా వృథా.

పాళీమొన:
సిరాబుడ్డి గారు అమ్మోనియా తర్వాత బ్లీచ్ అన్నారు. మధ్యలో బాగా కడగమని పెద్ద అక్షరాలతో రాయాల్సింది. రెండూ కలిస్తే క్లోరమైన్ ఆవిరి వస్తుంది, ఊపిరికి ప్రమాదం. బ్లీచ్ మిగిలిన చోట ఆమ్లగుణం ఉన్న సిరా, ముఖ్యంగా ఇనుప లవణంతో చేసే ఐరన్ గాల్ సిరా పోస్తే క్లోరిన్ వాయువు.

సిరాబుడ్డి:
కలపమని ఎక్కడ రాశాను? ఒకటయ్యాక ఇంకొకటి అన్నాను. రాసింది చదవరు, ఊహించుకుని తిడతారు.

పాళీమొన:
«నీళ్ళు తేటగా వచ్చేదాకా» అన్నది సిరా గురించి. అమ్మోనియాకి రంగు లేదు, నీళ్ళు తేటగా ఉన్నా ఫీడ్‌లో ఉండొచ్చు. ఇంకోటి, బ్లీచ్ ఫీడ్‌కి సరే, స్టీలు పాళీకి గుంటలు పెడుతుంది. పాళీ తీసి ఫీడ్ ఒక్కటే 10 నిమిషాలు ఉంచాలి, అంతకు మించొద్దు.

సిరాబుడ్డి:
పాళీ తీయమని వేరే చెప్పాలా? ఇక్కడున్నవాళ్ళు పసిపిల్లలు కాదు.

మరకలు:
నా ప్రశ్న కొత్త పెన్ను గురించి. వెజిటల్ రెసిన్ (మొక్కల నుంచి చేసే ప్లాస్టిక్) పిస్టన్ పెన్ను, సిరా నింపకముందే వాంతి వాసన. ఇదీ కుళ్ళేనా?

గట్టిరబ్బరు:
కాదు. అలాంటి వాసన సాధారణంగా సెల్యులోజ్ ఎసిటేట్ బ్యుటిరేట్‌ది. కొన్ని స్క్రూడ్రైవర్ పిడులకి వచ్చే వాసన అదే. బ్యుటిరిక్ ఆమ్లం చెడిపోయిన వెన్న వాసన కొడుతుంది, కొంచెం బయటికొచ్చినా ముక్కు పట్టేస్తుంది. విప్పగలిగినవన్నీ విప్పి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడిగి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి. ఆరాక కూడా మూత పెట్టకుండా వారాల పాటు ఉంచండి. మూత పెడితే లోపలి గాలిలో వాసన పేరుకుని తెరిచినప్పుడల్లా గుప్పుమంటుంది, పెన్ను చెడిపోయిందనిపిస్తుంది. పక్కన గిన్నెలో వంటసోడా పెట్టొచ్చు, పొడి పెన్ను మీద పడకూడదు. అమ్మోనియాలో రాత్రంతా వదలొద్దు, క్షారం ఆ ప్లాస్టిక్‌ని విరిచి ఇంకా ఆమ్లం విడుదల చేస్తుంది. ఎండలో పెట్టొద్దు.

సిరాబుడ్డి:
చూశారా, అక్కడ గాలి తగలాలి అంటారు, వంటసోడా పెట్టమంటారు. నేను చార్‌కోల్ పెట్టమంటే తప్పు. రెండూ చేసే పని ఒకటేగా?

గట్టిరబ్బరు:
చార్‌కోల్ తప్పని అనలేదు, మూత బిగించడం తప్పన్నాను. సెల్యులాయిడ్ కుళ్ళితే నత్రజని ఆక్సైడ్లు వస్తాయి. తేమతో కలిసి నత్రికామ్లం అవుతాయి. ఆ ఆమ్లం మళ్ళీ సెల్యులాయిడ్‌నే తింటుంది. అంటే కుళ్ళే దాన్ని ఇంకా కుళ్ళబెడుతుంది. గాలి ఆడితే ఆవిరి బయటికి పోతుంది, బిగిస్తే లోపలే తిరుగుతుంది.

సిరాబుడ్డి:
చార్‌కోల్ ఆవిరిని పీల్చుకుంటుంది కాబట్టే కదా పెట్టేది!

గట్టిరబ్బరు:
పీల్చుకోగలిగినంతే పీల్చుకుంటుంది. నిండిపోయాక మార్చాలి. మీ పద్ధతిలో రెండు వారాలూ ఒకే మూట. ఇంకో సంగతి, కర్పూరం ఆ ప్లాస్టిక్‌కి మెత్తదనం ఇచ్చే పదార్థం, బరువులో పావు వంతు దాకా ఉండొచ్చు. చార్‌కోల్ దాన్నీ లాగుతుంది. రెండు వారాల్లో పెన్ను బీటలిస్తుందని అనను. కానీ కర్పూరం పోతున్నకొద్దీ సెల్యులాయిడ్ కుంచించుకుని పెళుసుబారుతుంది. ఆ వాసన పూర్తిగా పోవాలని కోరుకోవడమే తప్పు.

ఒకటోరకం:
మ్యూజియంలలో దీనికి ఆడీ పరీక్ష ఉంది. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ రూపొందించారు. వెండి, సీసం, రాగి ముక్కలతో పాటు పరీక్షించే వస్తువుని 60 డిగ్రీల్లో 28 రోజులు ఉంచి ఏ లోహం మాసిందో చూస్తారు. వెండి నల్లబడితే గంధకం, సీసం మాసితే సేంద్రియ ఆమ్లాలు.

సిరాబుడ్డి:
60 డిగ్రీలా? సెల్యులాయిడ్ పెన్నుని 60 డిగ్రీల్లో 28 రోజులు ఉంచుతారా? మేధావులంతా ఇక్కడే ఉన్నారు.

ఒకటోరకం:
పెన్నుని ఉంచమన్నానా? అది షోకేసుల్లో వాడే గుడ్డ, కలప, జిగురు లాంటి వాటికి, వాటిలోంచి కత్తిరించిన ముక్కతో చేసే పరీక్ష. మెరుగు పెట్టిన వెండి ముక్కని మామూలు వేడిలోనే పెన్ను పక్కన ఉంచినా గంధకం సంగతి కొంత తెలుస్తుంది అని నా ఉద్దేశం.

సిరాబుడ్డి:
ముందే అలా అనాల్సింది.

గట్టిరబ్బరు:
వెండి దాకా ఎందుకు, నీలి లిట్మస్ చాలు. డిస్టిల్డ్ వాటర్‌తో కాగితం తడిపి, పెన్నుకి తగలకుండా దారంతో సీసాలో వేలాడదీయండి. ఇలాంటి పరీక్షలకి మాత్రమే మూత పెట్టొచ్చు, అదీ ఒక్క రాత్రే. ఎర్రబడితే ఆమ్లం. ఖాళీ సీసాలో ఇంకో కాగితం పెట్టి పోల్చండి, లేకపోతే గాలి ప్రభావమా, పెన్నుదా తేలదు.

సిరాబుడ్డి:
ఇంత హడావుడి పాత పెన్నుల వ్యాపారం చేసేవాళ్ళకి కుదరదండీ. వచ్చిన ప్రతి పెన్నుకీ లిట్మస్ కట్టాలా? కడిగి, వాసన పోగొట్టి, కొత్త సాక్ వేసి ఇచ్చేస్తారు. రాస్తుంది. కొన్నవాడికి వాసన రాదు. ఇంక సమస్య ఎక్కడ?

పాళీమొన:
అదన్నమాట సంగతి.

గట్టిరబ్బరు:
సరిగ్గా అక్కడే. ఆ ఘాటు వాసనే కొనేవాడికి తెలిసే గుర్తు. చార్‌కోల్‌తో దాన్ని తీసేసి ఇస్తే కొన్నవాడు మిగతా పెన్నులతో కలిపి డబ్బాలో పెడతాడు. ఆ ఆవిరికి పక్క పెన్నుల లోహమూ మాసుతుంది, వాటిలో సెల్యులాయిడ్ ఉంటే వాటికీ చేటు. మనం ఇన్ని పోస్టుల నుంచీ చార్‌కోల్ గురించి కొట్టుకుంటున్నాం, తగువు చార్‌కోల్ గురించి కాదు.

సిరాబుడ్డి:
నన్ను మోసగాణ్ణి అంటున్నారా? పోయిన నెల ఎబొనైట్ చర్చలోనూ ఇంతే. ఎవరో వేడినీళ్ళు పోస్తే పెన్ను గోధుమరంగుకి తిరిగింది. వేడినీళ్ళు అని నేను అనలేదు, అయినా నింద నా మీదే.

గట్టిరబ్బరు:
ఆ చర్చలో మీరు «గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి» అన్నారు. పాత ఎబొనైట్‌ని నానబెట్టడమే వద్దు. వెలుతురు తగిలిన పైపొర అప్పటికే ఆక్సీకరణ చెంది ఉంటుంది, నీళ్ళు తగలగానే రంగు మారుతుంది. మోసగాడన్న మాట నేను వాడలేదు. వాసన పోగొట్టాను అని ప్రకటనలో ఒక్క ముక్క రాయమంటున్నాను.

సిరాబుడ్డి:
అలా రాస్తే ఎవరూ కొనరు.

చుక్కసిరా:
కొనరు కాబట్టే రాయాలి కదా సిరాబుడ్డి గారూ.

కొత్తకలం:
పరీక్ష చేశాను. ఖాళీ సీసాలో లిట్మస్ నీలంగానే ఉంది. సెక్షన్ సీసాలోనూ అంతే. బారెల్ సీసాలో ఉదయానికి గులాబీ రంగు. మూత సీసాలో ఇంకా ఎర్రగా. మూత లోపల బూజు వాసన కూడా ఉంది.

గట్టిరబ్బరు:
అయితే మూతా బారెలూ సెల్యులాయిడే, ఆమ్లం వదులుతున్నాయి. సెక్షన్ ఎబొనైట్ అయి ఉండొచ్చు, దాన్ని మూలన గుడ్డతో రుద్ది గంధకం వాసన వస్తుందేమో చూడండి. వస్తే నీళ్ళలో ముంచకండి. ఫీడ్‌కి అమ్మోనియా నీళ్ళు 15 నిమిషాలు, ఇందులో సిరాబుడ్డి గారితో నాకు తగువు లేదు. మూతని మాత్రం నానబెట్టకండి, లోపలి మూతకీ బయటి మూతకీ మధ్య నీళ్ళు చేరితే క్లిప్ తుప్పు పడుతుంది. తడిపి పిండిన దూదిపుల్లతో లోపల తుడవండి, వెంటనే పొడి దూదితో ఆరబెట్టండి. ఆల్కహాల్, అసిటోన్ దగ్గరికి రానివ్వకండి, సెల్యులాయిడ్ చెడిపోతుంది. బారెల్‌లోకి నీళ్ళు పోయొద్దు, లీవర్ కింది పట్టీ తుప్పు పడుతుంది. సాక్ పెంకులు పొడిగా గీకి తీయండి.

కొత్త సాక్ ఏది వేసినా ఆమ్లం ఆగదు. లేటెక్స్ మాత్రం వద్దు, అది వదిలే గంధకం ఆవిరికి బారెల్ ఇంకా ముదురు రంగుకి తిరుగుతుంది. పీవీసీ వేయండి. సిలికాన్ అయితే గాలి చొరబడి సిరా త్వరగా చిక్కబడుతుంది.

సిరాబుడ్డి:
పీవీసీ నిప్పుల్ (సాక్ తొడిగే సెక్షన్ కొన) మీద జారుతుంది, షెల్లాక్ (లక్క జిగురు) పలచగా రాసి ఒక రాత్రి ఆరనివ్వాలి. తొందరపడి ఆరకముందే సిరా నింపితే కారుతుంది.

గట్టిరబ్బరు:
అవును, అది సరైన మాట.

కొత్తకలం:
సరే. ఇంక దాన్ని ఎక్కడ ఉంచాలి? మిగతా పెన్నుల డబ్బాలో వద్దంటున్నారు కదా. క్లిప్ విప్పేయనా?

గట్టిరబ్బరు:
చల్లగా, పొడిగా, చీకటిగా ఉండేచోట, మూత విడిగా, గాలి ఆడే కాగితపు పెట్టెలో ఒక్కదాన్నే పెట్టండి. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది కాబట్టి స్టవ్, హీటర్, దీపం దగ్గర ఎక్కడా వద్దు. నెలకోసారి చూడండి: బారెల్ మీద సన్నటి పగుళ్ళు, చెమట పట్టినట్టు జిగురు, ఈ రెంటిలో ఏది కనిపించినా పాళీ, ఫీడ్, లీవర్ తీసి దాచుకోండి. క్లిప్ సులువుగా వస్తే విప్పండి, బలవంతం చేయొద్దు, పెళుసుగా ఉన్న మూత అక్కడే చీలుతుంది. చిలుము పొడి మూత లోపలికి రాలకుండా తలకిందులుగా పట్టుకుని తుడవండి.

సిరాబుడ్డి:
చార్‌కోల్ పెట్టెలో ఒక మూల పెట్టొచ్చుగా, మూత తెరిచి?

గట్టిరబ్బరు:
పెట్టొచ్చు. నెలకోసారి మార్చండి.