ఘాట్ ఎక్కుతుంటే 103 డిగ్రీలు: పికప్‌కి ఇది మామూలేనా?

ఎస్‌కోట_లోడుబండి:
బండి బీఎస్6 డీజిల్ పికప్, 1.3 టన్నులది. ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్ అంకెలు చదివే సాకెట్) బ్లూటూత్ రీడర్ పెట్టి ఫోన్లో కూలెంట్ టెంపరేచర్ చూస్తున్నాను. చదును రోడ్డు మీద 86–90, ట్రాఫిక్‌లో ఆగితే 95. యాభై కిలోల సిమెంటు బస్తాలు 26 వేసుకుని ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కితే 103 దాకా పోతోంది. కాస్త చదును రాగానే రెండు నిమిషాల్లో 92కి దిగుతోంది. మీటరు ముల్లు మాత్రం ఇంతసేపూ సగం దగ్గరే ఉంటోంది. నీళ్ళు 100కే మరుగుతాయి కదా, 103 అంటే భయపడాలా? ముల్లుని నమ్మాలా, ఫోన్‌నా? మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తీసేద్దామంటున్నాడు.

రేడియేటర్_పని:
అన్నా, మీ అంకెలు బాగున్నాయి. పైకి ఎంత పోయిందన్న దానికంటే ఎంత త్వరగా దిగిందన్నదే ముఖ్యం. రెండు నిమిషాల్లో 92కి వచ్చిందంటే రేడియేటర్, ఫ్యాను, వాటర్ బాడీ (నీళ్ళు తిప్పే పంపు) మూడూ పని చేస్తున్నాయనే. చదునులో కూడా 100 దగ్గరే నిలబడిపోతే అప్పుడు వెతకాలి.

100కి మరిగేది మూత లేని గిన్నెలో నీళ్ళు. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చు ఉంటుంది చూడండి, అది బార్లలో ప్రెషర్. 0.9 బార్ మూత గట్టిగా పట్టుకుంటే ఒట్టి నీళ్ళు కూడా సుమారు 118 దాకా మరగవు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ అయితే ఇంకా పైకే. కానీ మూత రబ్బరు ఎండిపోయి ప్రెషర్ నిలవకపోతే లెక్క తారుమారు. మీ ఘాట్ దాటాక వచ్చే అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్ళు 97కే మరుగుతాయి. ఒట్టి నీళ్ళు పోసి, మూత పాడైన బండికి అదే 103 అంటే మరిగి బయటికి తన్నేసినట్టే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి రబ్బరు వాషర్ పగిలిందేమో, స్ప్రింగ్ గట్టిగా ఉందో లేదో చూడండి. అనుమానం ఉంటే అదే ప్రెషర్ ఉన్న కొత్త మూత వేయండి. ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే హోస్ పైపులు, రేడియేటర్ ట్యాంకు అతుకులు పోతాయి.

ముల్లు సంగతి: కంపెనీలు కావాలనే చాలా బండ్లలో ముల్లుని మధ్యలో కట్టేస్తాయి. 80 నుంచి 105 దాకా ఎంతున్నా అది కదలదు, కదిలిందంటే అప్పటికే ఆలస్యం. ఫోన్ అంకెనే చూడండి. లోడు మీద 105 దాటితే కింది గేరుకి దిగి, ఏసీ ఆపేయండి. 110 దాటితే పక్కన ఆపండి.

డీజిల్_బోర్డు:
థర్మోస్టాట్ తీయించకండి, దయచేసి. అది చాలా డీజిల్ ఇంజిన్లలో 82–88 మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది, ఆ అంకె దాని మీదే కొట్టి ఉంటుంది. తీసేస్తే చదునులో 65–70 దాటదు: డీజిల్ ఎక్కువ తాగుతుంది, బీఎస్6 బండిలో డీపీఎఫ్ రీజనరేషన్ (పొగ ఫిల్టర్‌లో చేరిన మసిని కాల్చేయడం) సరిగా జరగదు, ఇంజిన్ ఆయిల్లో డీజిల్ కలుస్తుంది. కొన్ని ఇంజిన్లలో బైపాస్ దారిని మూసేది కూడా థర్మోస్టాటే. అలాంటి దాన్ని తీస్తే నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్లోనే తిరిగి, ఘాట్ మీద ఇంకా హీటెక్కుతుంది.

అనుమానం ఉంటే విప్పి, గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. కొట్టి ఉన్న అంకె దగ్గర తెరుచుకోవడం మొదలై, 10–15 డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకోవాలి. లేకపోతే కొత్తది, కొత్త ఓ-రింగుతో సహా.

ఎస్‌కోట_లోడుబండి:
ధన్యవాదాలు. ఇంజిన్ ముందు ఫ్యాను బెల్టుతో తిరిగేదే, ఎలక్ట్రిక్ కాదు. ఎండాకాలానికి ముందు ఏం చూసుకోవాలి?

రేడియేటర్_పని:
అయితే అది విస్కస్ ఫ్యాను (హబ్ లోపలి సిలికాన్ నూనె పట్టుతో తిరిగేది) అయ్యుండాలి. ఇంజిన్ ఆపి, చల్లారాక చేత్తో తిప్పండి. బరువుగా కదిలి ఆగాలి. గాలిపటం చక్రంలా గిరగిరా తిరిగినా, హబ్ చుట్టూ నూనె మరక ఉన్నా అందులో సిలికాన్ నూనె కారిపోయినట్టు. ఆగినప్పుడు హీటెక్కి, కదిలితే దిగే బండిలో తప్పు దాదాపు ఎప్పుడూ ఫ్యానుదే. ఆగినప్పుడు బాగుండి, లోడుతో ఎక్కేటప్పుడే పెరుగుతూ పోతే రేడియేటర్ లోపల సున్నం పట్టి ఉండొచ్చు. బోరు నీళ్ళు పోసిన బండ్లలో చూసేది ఇదే. మీకు రెండూ కనిపించడం లేదు.

ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము, గడ్డి, సిమెంటు పొడి ఇరుక్కుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్ళు మెల్లగా కొట్టాలి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. కూలెంట్ మార్చాక హీటర్ ఫుల్లుగా పెట్టి, మూత తీసి ఇంజిన్ నడుపుతూ పై హోస్‌ని పిసికి గాలి బయటికి పంపాలి. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కాక నింపి మూత వేయండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్లో మళ్ళీ లెవెల్ చూడాలి.

డీజిల్_బోర్డు:
ఒక్కటి చేర్చాలి. ఘాట్ మధ్యలో 100 నుంచి అంకె ఉన్నట్టుండి 70కి పడిపోతే సంతోషపడకండి. కూలెంట్ తగ్గిపోయి సెన్సర్ గాలిలో ఉండొచ్చు, ఇంజిన్ మాత్రం మాడుతుంటుంది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. పై హోస్ చల్లబడి, పిసికితే మెత్తగా అయ్యేదాకా, కనీసం 40 నిమిషాలు, మూత ముట్టుకోవద్దు. వేడి ఇంజిన్లో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగులుతుంది.